సోమనర్సయ్య అర

ఘనపూర్ మండలంలో ఒక ఊరుంది. పేరెందుకులెండి, చెబితే లక్ష్మీకాంత్ సారు చిన్నబుచ్చుకుంటాడు. ఆ ఊరికి బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది, గ్రంథాలయం మాత్రం ఎటూ పోకుండా అక్కడే ఉంది. రెండు గదులు, ఒక వరండా, గోడల పొడవునా ఇనుప రాకులు, నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు. వీటన్నిటికీ కలిపి ఒక అండాలు.

అండాలు అక్కడికి ఊడ్వడానికి వచ్చింది. ఇరవై రెండేళ్ల కిందటి మాట. రెండు పూటలా ఊడ్చి, కుండలో నీళ్లు నింపి పొమ్మన్నారు. ఆమె వచ్చిన ఏడాదికే అప్పటి లైబ్రేరియన్ రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ఇంకొక మనిషిని పంపడానికి సర్కారుకు ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ఇన్‌చార్జి ఒకాయన భూపాలపల్లి నుంచి మంగళవారం మంగళవారం వచ్చి, సంతకాలు పెట్టి, చాయ తాగి వెళ్లిపోయేవాడు. మిగిలిన రోజుల్లో తాళంచెవి అండాలు కొంగునే ఉండేది. చదివినవాళ్లు బల్ల మీద పడేసిన పుస్తకాలను మళ్లీ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. ఎక్కడో చెప్పే దిక్కు లేదు. అండాలు చదివింది నాలుగో తరగతి. కూడబలుక్కుని చదవగలదు గానీ, ఏ పుస్తకంలో ఏముందో చూసి సర్దాలంటే ఆమెకు ఆ జన్మ చాలదు. అందుకని తనకు తెలిసినదాన్ని పట్టుకునే సర్దింది. ఆమెకు పుస్తకాలు తెలియవు, మనుషులు తెలుసు.

ఎవరు చదివిన పుస్తకం వాళ్ల అరలోకి పోతుంది. అంతే, అంతకు మించి శాస్త్రం లేదు. కంపౌండర్ చంద్రమౌళి అరలో కోళ్ల పెంపకం, వేదాంతం, మోటారు సైకిల్ రిపేరు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి, ఎందుకంటే చంద్రమౌళికి ఆ మూడూ కావాలి. పక్కన రాజయ్య అర, ఆ పక్కన ఓదెమ్మ టీచరు అర, కిటికీ దగ్గర పోటీ పరీక్షల పిల్లల అర. అన్నిటికంటే కింద, నేలను ఆనుకుని, ప్రణాళికల నివేదికలూ సన్మాన సంచికలూ ఉండేవి. ఆ అరకు అండాలు పెట్టిన పేరు ‘ఎవలూ చదవనియి’. కొత్తగా ఎవరైనా వచ్చి గుండెజబ్బుల మీద పుస్తకం ఉందా అంటే, ఆమె ఒక్క క్షణం ఆలోచించేది. మొన్ననే వరంగల్ దవాఖానకు పోయొచ్చింది రాజయ్య కాబట్టి, పోయి రాజయ్య అరలో చూడమనేది. అది అక్కడే ఉండేది.

అరలకు వావివరుసలు కూడా ఉండేవి. రాజయ్యకూ చంద్రమౌళికీ పొలం గెట్టు దగ్గర పంచాయితీ అయిన నాటి సాయంత్రమే అండాలు రాజయ్య అరను మూటగట్టి అవతలి గదిలోకి మార్చింది. మనుషులు కొట్టుకుంటే పుస్తకాలేం చేశాయని ఓదెమ్మ టీచరు అడిగితే, ఒకరి మొఖం ఒకరు చూడనోళ్లు ఒక్క రాకు ముందర ఎట్లా నిలబడతారని ఎదురడిగింది. రెండేళ్లకు రాజయ్య కూతురు సౌమ్యను చంద్రమౌళి కొడుక్కే ఇచ్చారు. పెళ్లయిన మూడోరోజు రెండరలూ మళ్లీ కలిశాయి. ఇక ఎవరైనా చనిపోతే వాళ్ల అరను పదకొండు రోజుల దాకా ఎవరూ ముట్టకూడదు. పన్నెండోనాడు అండాలు పెద్దమనిషి లాగా నిలబడి, ఈ పుస్తకం మీకు, ఇది మీకు అని ఊళ్లో చదివేవాళ్లకు పంచి వాళ్ల వాళ్ల అరల్లో పెట్టేది. ఇరవై ఏళ్లలో ఒక్క పంపకం మీద కూడా తగాదా రాలేదు. ఆ మాట ఆ ఊళ్లో పొలాల గురించి చెప్పలేం.

ఆ అరలన్నిట్లోకీ నిండుగా ఉండేది సోమనర్సయ్య అర. ఆయన ఊళ్లో పెద్ద పటేలు. తెల్ల ధోవతి, చేతిలో ముక్కుపొడి డబ్బీ, మాట్లాడితే కొలిచినట్టు రెండు మాటలు. రోజూ పదిన్నరకు వచ్చి, పన్నెండున్నర దాకా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చదివి వెళ్లేవాడు. ఇంటికి ఒక్క పుస్తకం తీసుకుపోయేవాడు కాదు. పేజీ తిప్పే ముందు చిటికెడు ముక్కుపొడి పీల్చడం, ఆ వేలితోనే పేజీ తిప్పడం ఆయన అలవాటు. ఆయన చదివే పుస్తకాలన్నిటికీ అండాలు దేవుడి క్యాలెండరు కాగితాలు అట్టలుగా వేసేది. అందువల్ల పటేలు పురాణాలు చదువుతాడని ఊరంతా చేతులెత్తి మొక్కేది. ఆ అట్టల కింద ఉన్నవి ప్రేమ నవలలని ఆయనకూ అండాలుకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆమె అట్ట వేస్తుంటే ఆయన కిటికీలోంచి బయటకు చూసేవాడు, ఆయన చదువుతుంటే ఆమె ఊడ్చేది. ఈ సంగతి మీద ఇద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

కిందటేడు జనగామ నుంచి లక్ష్మీకాంత్ సారు వచ్చాడు. గ్రంథాలయ శాస్త్రం చదివినవాడు, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ కథలో ఆయన చేసినవన్నీ మంచి ఉద్దేశంతోనే చేశాడు, తిప్పలన్నీ అక్కడే వచ్చాయి. మొదటి రోజు రాకులు చూసి, పుస్తకాలు ఏ పద్ధతిలో పెట్టారని అడిగాడు. అండాలు వివరంగా చెప్పింది, గెట్టు పంచాయితీతో సహా. సారు కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

తర్వాత ఆయన అండాలుకు ఓపికగా విడమరిచి చెప్పాడు. లోకంలో ఉన్న తెలివంతా పది వాడలుగా ఉంటుందనీ, ఒక్కో వాడలో పది ఇళ్లు, ఒక్కో ఇంట్లో పది గదులు ఉంటాయనీ, పుస్తకం దేని గురించి అయితే ఆ గది నంబరు దానికి వేస్తారనీ, అమెరికాలో అయినా అండమాన్‌లో అయినా కోళ్ల పుస్తకానికి అదే నంబరనీ చెప్పాడు. అండాలు అంతా విని ఒక్కటే అడిగింది.

“మరి చదివెటోళ్లకు ఏ నంబరు సారూ?”

చదివేవాళ్లకు నంబరుండదని సారు చెప్పాడు. అండాలు చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లింది.

రెండు నెలలు పట్టింది. సారు ఒక్కడే పొద్దంతా కూర్చుని నాలుగు వేల పుస్తకాలకూ నంబర్ల చీటీలు అంటించాడు. పాత అట్టలన్నీ చింపి, అన్నిటికీ ఒకే రకం ఖాకీ కాగితం అట్టలు వేశాడు. చంద్రమౌళి కోళ్లు ఆరు వందల ముప్పై ఆరుకు, వేదాంతం నూట ఎనభై ఒకటికి, మోటారు సైకిల్ ఇంకెక్కడికో పోయాయి. పాపం చంద్రమౌళి నంబర్లు చేతిమీద రాసుకుని మూడు రాకుల మధ్య తిరిగి తిరిగి పరేషానై, పేపరు చదివి ఇంటికి పోయాడు. వియ్యంకులిద్దరి పుస్తకాలూ ఎటు వాటికటు చెదిరిపోయాయని తెలిసి రాజయ్య ఇదేదో అపశకునమని బిడ్డకు ఫోను చేశాడు.

సోమనర్సయ్య పదిన్నరకు వచ్చాడు. తన అర ఉన్నచోట నిలబడ్డాడు. అక్కడిప్పుడు వ్యవసాయం ఉంది. ఏ పుస్తకం కావాలని సారు మర్యాదగానే అడిగాడు, పేరు చెబితే నంబరు చూసి ఇస్తానన్నాడు. అప్పటికి గదిలో పదిమంది ఉన్నారు. ఆ పదిమంది ముందు ప్రేమ నవల పేరు చెప్పడం పటేలు వల్ల అవుతుందా? “నా పుస్తకం సగంల ఆగింది” అని మాత్రం అని, కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు. మర్నాడూ వచ్చాడు. పదిరోజులు అట్లాగే వచ్చి, వ్యవసాయం ముందు నిలబడి వెళ్లాడు. సారు చాయకు పోయిన అయిదు పది నిమిషాల్లో అండాలు ఆ పుస్తకం కోసం వెతికింది గానీ, ఖాకీ అట్టల్లో అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉండి దొరకలేదు. పదకొండో రోజు ఆయన రాలేదు.

ఆ పదిరోజుల్లోనే ఇంకొకటి జరిగింది. సారు బల్ల తుడుస్తుంటే అండాలుకు గాజు బిళ్ల కింద ఒక ఉత్తరం కనిపించింది. అందులో తన పేరుంది. పూటకు రెండు పంక్తుల చొప్పున తుడుస్తూ చదివింది. పుస్తకాలకు నంబర్లు వేయడం పూర్తయినందున పార్ట్‌టైమ్ అటెండర్ సేవలు ఇకపై అవసరం లేదని, ఒకటో తారీఖు నుంచి తొలగించవచ్చని పైఆఫీసుకు రాశాడు. ‘అవసరం లేదు’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి నాలుగు రోజులైంది. ఇంకా సంతకం పెట్టలేదు, సోమవారం టపాలో పోతుంది. అండాలుకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు ఊరి మనుషులను ఒక్కొక్కరిగా గుర్తుపెట్టుకున్నది ఒక్క చీటీకి సరిపోయిందా అనుకుంది. అయినా బల్ల తుడిచి, ఉత్తరాన్ని ఉన్నచోటే పెట్టింది.

శుక్రవారం పొద్దున సోమనర్సయ్య చనిపోయాడు. ఆదివారం మూడోదినం, పిట్టకు పెట్టే రోజు.

మన దగ్గర పిట్టకు పెట్టడమంటే తెలిసిందే. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరేసి, కాలిన చోట పెట్టి, అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆయనకు ఏ కోరికా మిగల్లేదని లెక్క, ఇంటికి పోయి తినొచ్చు. ముట్టలేదంటే ఏదో మిగిలిందని. అదేమిటో కనుక్కుని, తీరుస్తామని మాటివ్వాలి. కాకికి ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇప్పటిదాకా ఎవరూ తప్పలేదు.

పొద్దున తొమ్మిదింటికి పెట్టారు. మటన్, బోటి, సర్వపిండి, కల్లు సీసా, ముక్కుపొడి డబ్బీ. కాకి వచ్చింది. ఒక్కటే వచ్చింది. తుమ్మచెట్టు కొమ్మ మీద కూర్చుని విస్తరి వైపు చూసి, మొఖం తిప్పుకుంది.

కొడుకు యుగేందర్ చేతులు జోడించాడు. బిడ్డ అక్షితను తనకు నచ్చిన చదువే చదివిస్తానన్నాడు. కాకి కదల్లేదు. అక్షిత మాత్రం ఆ మాటను ఫోనులో రికార్డు చేసుకుంది. చెరువు కింది మడి చెల్లెలికి రాసిస్తానన్నాడు. లాభం లేదు. ఎండ ఎక్కింది, వచ్చిన చుట్టాలకు కడుపులు కాలుతున్నాయి. కొడుకు సర్పంచికి నిలబడడం పటేలుకు ఇష్టం లేదన్న సంగతి ఎవరో వెనకనుంచి గుర్తు చేశారు. యుగేందర్ పళ్లు కొరుక్కుని, ఈసారి సర్పంచికి నిలబడనని కూడా కాకికి మాటిచ్చాడు. కాకి రెక్క ఎత్తి చంక గోక్కుంది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. ఇంకొక గంట గడిస్తే యుగేందర్‌కు మాటివ్వడానికి ఆస్తి మిగిలేట్టు లేదు.

అప్పుడు సుగుణమ్మ, ఆయన భార్య, మెల్లగా చెప్పింది. మంచంలో పండినకాడ కూడా పుస్తకం సగంల ఆగిందని పలవరించాడని. అందరూ ఒక్కసారిగా తలలు తిప్పి లక్ష్మీకాంత్ వైపు చూశారు. ఆయన మర్యాద కోసం వచ్చి, చివర నిలబడి ఉన్నాడు పాపం. పదిరోజులు వ్యవసాయం ముందు నిలబడిపోయిన ముసలాయన ఆయనకూ గుర్తొచ్చాడు, మొఖం మాడిపోయింది. ఏ పుస్తకమని యుగేందర్ అడిగాడు. సారుకు తెలియదు. రిజిస్టరులో లేదు, ఆయన ఏనాడూ ఇంటికి తీసుకుపోలేదు కదా. నాలుగు వేల పుస్తకాల నంబర్లు నోటికి చెప్పగల మనిషి ఆ ఒక్క ప్రశ్నకు నేల చూశాడు. అప్పుడు అందరూ అండాలు వైపు తిరిగారు.

ఆమె, సారు, చంద్రమౌళి గ్రంథాలయానికి ఉరికారు. దారిలో ఆమె సారుకు ఒక్కడికే నిజం చెప్పింది. ప్రేమ నవలని వినగానే సారు సంతోషపడ్డాడు, నవలలకు ఎనిమిది వందల తొంభై నాలుగని నంబరు చెప్పాడు. తీరా చూస్తే ఆ నంబరులో తొమ్మిది వందల నవలలున్నాయి, అన్నీ ఖాకీ అట్టలవే. అండాలు మొదటి పుస్తకం తీసింది, తెరిచింది, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది, పక్కన పెట్టింది. రెండోది తీసింది. ఏం చేస్తున్నావని సారు అడిగితే, పటేలు బాపు చదివిన పుస్తకమైతే ముక్కుపొడి వాసన వస్తుందని చెప్పి, ఆయన చేతిలోనూ ఒకటి పెట్టింది.

గ్రంథాలయ శాస్త్రంలో పట్టా తీసుకున్న లక్ష్మీకాంత్ ఆ ఆదివారం నేల మీద బాసింపట్టు వేసుకుని నవలలను ఒక్కొక్కటిగా వాసన చూశాడు. కొన్నిటికి చెదల వాసన, కొన్నిటికి కొబ్బరినూనె, ఒకదానికి చింతపండు తొక్కు. అండాలు పక్కనుంచి ఇది ఓదెమ్మ టీచరుది, ఇది అంగన్‌వాడీ మంగ్లీది అని చెబుతూ పోయింది. ముక్కుపొడి వాసనవి ఏడెనిమిది దొరికాయి గానీ, వాటిలో మరకలు చివరి పేజీ దాకా ఉన్నాయని పక్కన పెట్టారు. చంద్రమౌళి తనకు జలుబని చెప్పి పుస్తకాలు అందించే పని పెట్టుకున్నాడు. రెండు వందల దాకా చూశాక సారు ఒక పుస్తకం తెరిచి, గట్టిగా పీల్చి, వరసగా అయిదుసార్లు తుమ్మాడు. మామూలుగా బయలుదేరేటప్పుడు తుమ్మితే ఆ ఊళ్లో కాళ్లు కడుక్కుని కూర్చుంటారు. ఆ రోజు ముగ్గురూ పుస్తకం పట్టుకుని పరుగెత్తారు.

ముక్కుపొడి మరకలు నూట పన్నెండో పేజీ దాకా ఉన్నాయి. తర్వాతి పేజీలు కడిగిన పళ్లెంలా ఉన్నాయి. ఎక్కడ ఆగాడో అట్లా తెలిసింది. కళ్లద్దాలున్నది సారుకే కాబట్టి ఆయన్నే చదవమన్నారు. పురాణమనుకుని ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు, మగవాళ్లు చెప్పులు విప్పారు. సారు గొంతు సవరించుకుని, సముద్రం ఒడ్డున డాక్టరు రఘు టీచరు వాణి చేయి పట్టుకున్న దగ్గర మొదలుపెట్టాడు.

యుగేందర్ మొఖంలో నెత్తురు చుక్క లేదు. అక్షిత నోట్లో చున్నీ కుక్కుకుంది. మొదట గుసగుసలు లేచాయి, తర్వాత సద్దుమణిగాయి, ముప్పై పేజీలు చదివేసరికి ఆకలి మరిచి అందరూ దగ్గరికి జరిగారు. వాణి ఉత్తరం రఘుకు అందలేదని తెలిసి రాజయ్య ఆ టపావాణ్ని తిట్టాడు. సుగుణమ్మ మాత్రం కదలకుండా విన్నది. యాభై రెండేళ్ల కాపురంలో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి రోజూ రెండు గంటలు ఇవి చదివి ఇంటికి వచ్చేవాడా అని ఆమె కళ్లు తుడుచుకుంది. చివరికి రఘుకూ వాణికీ పెళ్లయింది. సారు పుస్తకం మూశాడు. అందరూ తుమ్మచెట్టు వైపు చూశారు.

కాకి దిగింది. విస్తరి దాకా నడిచింది. ఆగింది. సారు వైపు చూసింది.

అండాలుకు విషయం అర్థమైంది. ఆమె సారు పక్కకు వచ్చి చెప్పింది.

“పుస్తకం అయిపోయింది సారూ. ఆయన అడిగేది ఆయన అర. ఎత్తేసింది మీరే గద, మీరే మాటియ్యాలె.”

లక్ష్మీకాంత్ చుట్టూ చూశాడు. ఊరంతా ఆయన నోటి వైపే చూస్తోంది. చదువుకున్నవాడు, కాకితో మాట్లాడడమేమిటని ఒక మనసు, ఆ పదిరోజులు మరో మనసు. చేతులు కట్టుకుని, ఆఫీసులో అలవాటైన గొంతుతో, సదరు అర విషయం సానుకూలంగా పరిశీలిస్తామని కాకికి తెలియజేశాడు. కాకి రెండడుగులు వెనక్కి వేసింది.

“పరిశీలిస్తమంటె మనుషులే నమ్మరు సారూ, కాకి ఏం నమ్ముతది” అంది అండాలు. “పెడుతనని చెప్పుండ్రి.”

సారు కట్టుకున్న చేతులు విప్పి జోడించాడు. తర్వాత అచ్చం జనగామలో వాళ్ల నాయినతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“బాపూ, తప్పైంది. నీ అర నీకు పెడుత. ఎవల్నీ ముట్టనియ్య.”

కాకి మటన్ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ ఊపిరి వదిలి అన్నాలకు లేచారు.

సోమవారం పొద్దున అండాలు పదిన్నరకు ముందే వ్యవసాయాన్ని పక్కకు జరిపింది. పటేలు పుస్తకాలు ఏవేవో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటీ తీసి వాసన చూసి, ముప్పై ఏడు పుస్తకాలు వరసగా నిలబెట్టింది. పన్నెండోనాడు పంచుతావా అని సారు అడిగితే, ఇది మాటిచ్చిన అర కాబట్టి పంపకం లేదంది. సారు చీటీలూ జిగురూ తెచ్చుకుని ఈ అరకు ఏ నంబరు వేయాలో తన లావు పుస్తకంలో వెతికాడు. చాలాసేపు వెతికి, చీటీ మీద సోమనర్సయ్య అని రాసి అంటించాడు. వరండాలో అప్పటికే చంద్రమౌళి, రాజయ్య, ఓదెమ్మ టీచరు నిలబడి ఉన్నారు. కాకి దాకా తెచ్చుకోవడమెందుకు, తమ సంగతి బతికుండగానే తేల్చమని వచ్చారు.

టపా వేళయింది. సారు బల్ల దగ్గరికి వెళ్లి, గాజు బిళ్ల ఎత్తి, సంతకం లేని ఆ ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. తల ఎత్తేసరికి ఎదురుగా అండాలు చేయి చాపి నిలబడి ఉంది. బల్ల మీది కాగితాలు సర్దేటప్పుడు ఎప్పుడూ అట్లాగే నిలబడుతుంది.

“ఇది ఎవలు చదివేది సారూ?”

నువ్వు చదివావా అని సారు నెమ్మదిగా అడిగాడు. చదివానని, నాలుగు రోజులు పట్టిందని ఆమె చెప్పింది.

“ఇంకెవలూ చదువరు” అన్నాడు సారు, ఉత్తరం ఆమె చేతిలో పెట్టి.

అండాలు గది చివరికి నడిచి, నేల మీద మోకాళ్లూని, దాన్ని అన్నిటికంటే కింది అరలో, నివేదికలకూ సన్మాన సంచికలకూ మధ్య దోపింది. లేచి చీర దులుపుకుని, వరండాలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరిగా లోపలికి రమ్మంది.